ఇఫ్తార్ కార్డు, దొంగ ఫొటోషాప్, మా ఇంటి లినక్స్

మా మహల్లా మస్జిద్‌కు రంజాన్ సహర్-ఇఫ్తార్ కార్డు చాలా ఏళ్లుగా నేనే తయారు చేస్తున్నాను. ఒకవైపు ఉర్దూ, రెండోవైపు తెలుగు. మధ్యలో ముప్పై రోజుల ఔఖాత్, కింద చందా ఇచ్చిన దుకాణాల పేర్లు. కమిటీవాళ్లు డబ్బులివ్వరు, నేనూ అడగను. సవాబ్ పని కదా అని చేసిపెడతాను.

నిరుడు షాబాన్ ఆఖరు రోజుల్లో రాత్రిపూట ఆ కార్డు పని మీద ఉన్నాను. ఇంటర్ చదువుతున్న మా పెద్దమ్మాయి పక్కన కూర్చుని చూస్తోంది. ఫొటోషాప్ తెరుచుకునేటప్పుడు వచ్చే బొమ్మ చూసి అడిగింది.

"అబ్బూ, ఇది మనం కొన్నామా?"

"లేదు బేటీ. అందరూ వాడేదే."

"అంటే క్రాక్‌దా?"

ఔనన్నాను. తను మళ్లీ ఏమీ అనలేదు, ఫోను చూసుకుంటూ లేచి వెళ్లిపోయింది. నేను ఆ క్షణాన కార్డు మీద అమరుస్తున్నది రోజా విప్పే దువా. "నువ్విచ్చిన రిజ్క్‌తోనే" అనే మాట ఉంటుందే, సరిగ్గా అక్కడ ఉంది కర్సర్. ఆ రాత్రి పని పూర్తి చేశాను. అబద్ధం చెప్పను, పూర్తి చేసి ప్రెస్సుకు పంపాను కూడా. కానీ ఆ ప్రశ్న మాత్రం ఇంట్లోంచి పోలేదు.

మన డీటీపీ దుకాణాల్లోకి ఎప్పుడైనా తొంగి చూడండి. షాదీ రుఖా చేసే చోట, ఫ్లెక్సీలు వేసే చోట, ఫొటో స్టూడియోలో, జిరాక్స్ సెంటర్లో. ఫొటోషాప్ 7.0 ఉంటుంది. అది 2002 నాటిది. పేజ్‌మేకర్ 7.0 ఉంటుంది. దాని తయారీదారులే ఇరవయ్యేళ్ల కిందట దాన్ని కొత్తగా తయారుచేయడం మానేశారు. కోరెల్‌డ్రా ఉంటుంది. ఉర్దూ పని కూడా చేసేవాళ్లయితే ఇన్‌పేజ్ ఉంటుంది. వీటిలో డబ్బు పెట్టి కొన్నవి ఎన్నని అడిగితే దుకాణదారు నవ్వుతాడు. ఆ నవ్వులో గిల్టు ఉండదు. "మేమేం పెద్ద కంపెనీలమా భాయ్" అంటాడు. మజ్బూరీ అంటాడు.

మజ్బూరీ అబద్ధం కాదు. రుఖా మీద నాలుగు వందలు మిగిలితే గొప్ప అనుకునే మనిషిని నెలనెలా కిరాయి కట్టి సాఫ్ట్‌వేర్ వాడుకోమంటే ఎక్కడి నుంచి తెస్తాడు? అయితే కానూన్ ఆ మాట వినదు. మన కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడితే కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా ఖైదు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జుర్మానా. లాభం కోసం వాడలేదని రుజువైతే ఖైదు లేకుండా యాభై వేలలోపు జుర్మానాతో కోర్టు వదిలేయొచ్చు. నా ఇఫ్తార్ కార్డు ఆ రెండో ఖానాలో పడుతుందేమో. రుఖా మీద నాలుగు వందలు తీసుకునేవాడు మాత్రం మొదటి ఖానాలోనే ఉన్నాడు.

కానూన్ సరే, షరీఅత్ సంగతి? నేను ముఫ్తీని కాదు, ఫత్వా ఇచ్చే హైసియత్ నాకు లేదు. పాత తరం ఉలమాలలో కొందరు కితాబు రాసినవాడికి ప్రత్యేకమైన 'హక్కె తస్నీఫ్' ఉంటుందన్న మాటను ఒప్పుకోలేదు. ఆ ఇఖ్తిలాఫ్ ఉంది. కానీ ఓఐసీ వారి ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్‌లో కూర్చుని, రచన మీద, ఆవిష్కరణ మీద ఉండే హక్కులు షరీఅత్ కాపాడే హక్కులేనని, వాటిని తొక్కడం జాయజ్ కాదని తీర్మానం చేసింది. హోటల్లో మాంసం హలాలేనా అని పది మందిని అడిగి కూర్చునే మనం, ఆ హోటల్ మెనూ కార్డు ఏ సాఫ్ట్‌వేర్‌తో చేశారని ఎన్నడూ అడగలేదు. మా అమ్మాయి అడిగింది, అంతే.

ఇక నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్పాలి. క్రాక్ వేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపాలి. అది మనందరికీ తెలిసిన తరీఖా. ఇంటికి తాళం వేసుకునేవాడు దొంగను లోపలికి పిలవడానికి తాళం తీసినట్టు. మూడేళ్ల కిందట అలాగే ఒక కీజెన్ నడిపాను. కీజెన్‌లో ఎప్పుడూ వచ్చే ఆ సంగీతం వినిపించింది, పని అయిందనుకున్నాను. మర్నాడు పొద్దున నా ఫైళ్లన్నిటి పేర్ల చివరా ఒక పిచ్చి తోక అతుక్కుని ఉంది. ఏ ఫైలూ తెరుచుకోదు. డాలర్లు కడితే తాళం తీస్తామని ఒక చిట్టీ. కట్టలేదు. చెల్లెలి నికాహ్ ఫొటోలు, అబ్బాజాన్ ఆఖరి ఈద్ నాటి ఫొటోలు పోయాయి. కొన్ని బంధువుల ఫోన్లలో దొరికాయి, కొన్ని దొరకలేదు. ముఫ్త్‌గా తెచ్చుకున్న దానికి నేను కట్టిన ధర అది.

ఆ తర్వాత 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. మా ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్ విండోస్ 11కు సరిపోదు. దానికి టీపీఎం 2.0 చిప్ కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి. మాది ఆరో తరం. మషీన్ నిక్షేపంగా పని చేస్తోంది, పారేయడానికి మనసొప్పదు. అప్పుడు లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టి చూశాను. దీన్లో ఒక సుఖం ఉంది. హార్డ్ డిస్కును ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే కంప్యూటర్ నడిపి చూసుకోవచ్చు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేస్తే పాత విండోస్ అలాగే ఉంటుంది. వారం రోజులు అలా చూసి, ఒక ఆదివారం జొహర్ తర్వాత పూర్తిగా ఇన్‌స్టాల్ చేశాను.

ఇంటర్నెట్, ఆఫీసు పని, పిల్లల చదువు, ప్రింటర్ వీటికి సాయంత్రం కంటే ఎక్కువ పట్టలేదు. వాటి గురించి రాయడం దండగ. అసలు ముసీబత్ డిజైన్ పనిలో వచ్చింది.

ముసీబత్ ఫొటోషాప్ లేకపోవడమని అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. లినక్స్‌కు ఫొటోషాప్ లేదు, ఇన్‌పేజ్ లేదు. కోరెల్‌డ్రా మాత్రం ఒకప్పుడు ఉండేది. ఆ కంపెనీ 2000లో కోరెల్‌డ్రా 9ను లినక్స్ కోసం విడుదల చేసింది, నిలబడలేదు. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించే ఏర్పాటు ఒకటి ఉంది, దాని పేరు వైన్. ఉలిక్కిపడకండి, తాగేది కాదు. పాత ఫొటోషాప్‌లు కొన్ని దాంట్లో నడుస్తాయి కూడా. కానీ అదే క్రాక్ కాపీని కొత్త ఇంట్లోకి తెచ్చుకుంటే మా అమ్మాయి ప్రశ్నకు జవాబు ఎక్కడొచ్చింది?

నాలుగైదు రోజులు కుస్తీ పట్టాక తెలిసింది, నన్ను కట్టేసింది ఫొటోషాప్ కాదని. నా పాత ఫైళ్లలోని హర్ఫ్‌లు.

దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి. నేను ఉర్దూ మీడియం పిల్లవాణ్ని. మా స్కూల్లో ఉస్తాద్ ఒకరు సెలవుల్లో కితాబత్ పని చేసేవారు. రెల్లు కలం చెక్కడం, నుక్తాలతో హర్ఫ్ కొలవడం ఆయన దగ్గరే చూశాను. ఉర్దూ అఖ్బార్లన్నీ అప్పటిదాకా కాతిబ్‌ల చేతి మీద నడిచినవే. నస్తాలీఖ్ అచ్చు అక్షరాల గళ్లలో ఇమడదు. హర్ఫ్ హర్ఫ్‌కూ జారుతూ కిందికి దిగుతుంది. మీర్జా అహ్మద్ జమీల్ వేలాది లిగేచర్లు చేత్తో రాసి, మోనోటైప్‌తో కలిసి నూరీ నస్తాలీఖ్ తయారుచేశాక, 1981లో లాహోర్‌లో జంగ్ అఖ్బార్ కంప్యూటర్ మీద అచ్చయింది. ఆ తర్వాత 1994లో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ వచ్చింది. ఉర్దూ దునియా మొత్తం దాని మీదికి ఎక్కింది. మా ఉస్తాద్ కూడా కలం పక్కన పెట్టి కీబోర్డు నేర్చుకున్నారు, యాభై ఏళ్లు దాటాక.

తెలుగులో నేను డిగ్రీ చేసి పత్రికలో చేరేనాటికి అక్కడ అను ఫాంట్లు రాజ్యమేలుతున్నాయి. ఆ రోజుల్లో డీటీపీ సాఫ్ట్‌వేర్లకు యూనికోడ్ అర్థమయ్యేది కాదు. అందుకని ఇంగ్లిషు అక్షరాల ఖానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. కంప్యూటర్ దృష్టిలో అది ఇంగ్లిషే, మన కంటికి తెలుగు. ఆ ఫాంటు తీసేస్తే 'అస్సలాము అలైకుం' కాస్తా గుర్తుల పులుసు. అప్పటికి వేరే మార్గం లేదు కాబట్టి ఎవరినీ తప్పు పట్టను. కానీ ఫలితం చూడండి. నేను ఇరవయ్యేళ్లుగా రాసిన తెలుగు వ్యాసాలు అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ ఫైళ్లలో ఉన్నాయి. ఉర్దూలో రాసినవి, మా ఉస్తాద్ చివరి రోజుల్లో చెప్పి రాయించినవి ఇన్‌పేజ్ ఫైళ్లలో ఉన్నాయి. సందూక్ మన ఇంట్లోనే ఉంది, తాళంచెవి మాత్రం ఒక పాత విండోస్ మషీన్‌లో ఉంది. ఆ మషీన్ చచ్చిపోతే?

కాబట్టి నా రాయి ఇది. లినక్స్‌కు మారదామనుకునేవాడు మొదట మార్చాల్సింది కంప్యూటర్ కాదు, లిపి. విండోస్‌లో ఉండగానే పాత ఫైళ్లన్నీ యూనికోడ్‌లోకి తెచ్చుకోవాలి. అను నుంచి యూనికోడ్‌కు, ఇన్‌పేజ్ నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒక్కో పేజీ చదివి దిద్దుకోవాలి, వత్తులు అక్కడక్కడా తప్పిపోతాయి. ఉర్దూలో మాటల మధ్య ఖాళీలు గల్లంతవుతాయి. మా ఉస్తాద్ వ్యాసాలకు నాకు రెండు నెలలు పట్టింది, ఇషా తర్వాత గంట చొప్పున. ఆ పని అయ్యాక విండోసా, లినక్సా అన్నది దాదాపు చిన్న విషయమైపోయింది. ఈ క్రమం తిప్పి చేసినవాళ్లు వారంలో తిరిగి వెళ్లిపోతారు. నేనూ మొదటిసారి తిప్పే చేశాను, అందుకే చెబుతున్నాను.

హర్ఫ్ యూనికోడ్ అయ్యాక తమాషా ఒకటి జరుగుతుంది. ఫొటోషాప్ 7.0లో యూనికోడ్ తెలుగు అతికిస్తే వత్తులు ఊడిపోయి పక్కన నిలబడతాయి. నస్తాలీఖ్ సంగతి చెప్పనే వద్దు, ఇన్‌పేజ్‌లో కొట్టి కోరెల్‌కు మోసుకెళ్లడం మన దుకాణాల్లో రోజువారీ తతంగం. అదే లినక్స్‌లో ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో నేరుగా టైపు చేస్తే తెలుగు తెలుగులా, నస్తాలీఖ్ నస్తాలీఖ్‌లా వస్తుంది. ఒకే పేజీ మీద, ఒకే ఫైలులో. మొదటిసారి 'రంజాన్ ముబారక్' రెండు లిపుల్లో పక్కపక్కన పడ్డప్పుడు మా అమ్మాయిని పిలిచి చూపించాను. తనకు అందులో ఆశ్చర్యం ఏముందో అర్థం కాలేదు. ఫోన్లో ఎప్పుడూ అలాగే వస్తుంది కదా అంది.

ఫాంట్లకూ కరువు లేదు. తెలుగులో సిలికానాంధ్ర వాళ్లు బయటికి తెచ్చిన రామభద్ర, మల్లన్న, ధూర్జటి, సూరన్న, రవిప్రకాశ్ లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు మీద ఉన్నాయి. హెడ్డింగుకు రామభద్ర బాగా నప్పుతుంది. నస్తాలీఖ్‌కు గూగుల్ వారి నోటో నస్తాలీఖ్ ఉర్దూ, గుల్జార్ ఉన్నాయి. ఇన్‌పేజ్ కన్ను ఉన్నవాళ్లకు నోటో కొంచెం నిటారుగా దిగినట్టు అనిపిస్తుంది, వరుసల మధ్య చోటు కూడా ఎక్కువ కావాలి. కీబోర్డు సంగతి కూడా అంతే. లినక్స్‌లో ఉర్దూ ఫొనెటిక్ లేఅవుట్ ముందే ఉంటుంది, తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్ ఉంటుంది. అనులో యాపిల్ కీబోర్డు అలవాటైన వేళ్లు ఓ నెల సతాయిస్తాయి. నావి ఇంకా సతాయిస్తూనే ఉన్నాయి.

ఫొటోల పనికి గింప్. 1995లో అమెరికాలోని బర్క్‌లీలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిన ప్రోగ్రామ్ అది. 3.0 వెర్షన్ 2025 మార్చిలో వచ్చింది. ఫొటో శుభ్రం చేయడం, వెనక బ్యాక్‌గ్రౌండు కోయడం, రంగు సరిచేయడం దీనితో హాయిగా అవుతాయి. అయితే ఫొటో స్టూడియోవాళ్లు ఆల్బమ్‌ల కోసం చేతులు మార్చుకునే పీఎస్‌డీ టెంప్లేట్లు దీన్లో తెరిస్తే అన్నీ అచ్చం అలాగే రావు. స్మార్ట్ ఆబ్జెక్టుల్లాంటివి మామూలు బొమ్మగా మారిపోతాయి. ఎప్పుడో ఒకసారి పీఎస్‌డీ తెరవాల్సి వస్తే బ్రౌజర్‌లో నడిచే ఫొటోపీ నాకు సరిపోతోంది. రోజుకు ఇరవై ఆల్బమ్ పేజీలు చేసే స్టూడియోవాడికి ఇది చాలదు. చాలుతుందని చెప్పేవాడు ఎప్పుడూ స్టూడియో నడపనివాడు.

కోరెల్ ఫైళ్లను ఇంక్‌స్కేప్ కొంతవరకు తెరుస్తుంది, కానీ కోరెల్ ఫైలుగా తిరిగి రాయలేదు. ప్రెస్సువాడు "సీడీఆర్ పంపు" అంటాడు. నేను అక్షరాలను పాత్‌లుగా మార్చి పీడీఎఫ్ పంపుతున్నాను. కోరెల్ దాన్ని తీసుకుంటుంది. మొదట్లో గొణిగాడు, ఇప్పుడు అలవాటు పడ్డాడు.

ఇంకొక చిక్కు రంగు. మన మస్జిద్ కార్డు ఆకుపచ్చ లేకుండా ఉండదు కదా. స్క్రీన్ మీద చిలకపచ్చగా మెరిసే రంగు నాలుగు రంగుల ఆఫ్‌సెట్ సిరాలో పుట్టదు, చింతాకు ఎండినట్టు వస్తుంది. ఇంక్‌స్కేప్ స్క్రీన్ రంగుల్లోనే ఆలోచిస్తుంది. అందుకని ఆఖరి మెట్టు స్క్రైబస్‌లో వేస్తున్నాను. అది పేజ్‌మేకర్ పని చేసేది, ప్రెస్సు రంగులు తెలిసినది. అందులో పచ్చను సయాన్, పసుపు పాళ్లలో నేనే నిర్ణయించి పీడీఎఫ్ తీస్తాను. ఇది తెలియడానికి ఒక వంద కార్డులు పాడయ్యాయి. ఆ ఖర్చు నాదే.

మరి దుకాణదారులు? మా ఖాలాజాద్ భాయ్‌కి డీటీపీ దుకాణం ఉంది. ఈ సంగతులన్నీ ఉత్సాహంగా చెప్పాను. చివరిదాకా విని, "నువ్వు జర్నలిస్టువు, నీకు జీతం వస్తది. కస్టమర్ పెన్‌డ్రైవ్ తెచ్చి సీడీఆర్ ఓపెన్ చెయ్యమంటే నేనేం చెప్పాల?" అన్నాడు. సరైన ప్రశ్న. ఆయన్ను రేపే మారిపొమ్మని అంటే అది జుల్మ్. అందుకని ఇలా అనుకున్నాం. కస్టమర్ ఫైళ్లు తెరిచే మషీన్ ఒకటి విండోస్‌తో ఉంటుంది, దానికి ఒక్క కోరెల్‌ను డబ్బు పెట్టి కొంటాడు. మిగతా రెండు పాత మషీన్లు మింట్‌కు మారతాయి, కొత్త రుఖాలన్నీ వాటి మీదే పుడతాయి. విండోస్‌లోనే ఉండాలనుకునేవాళ్లకు కూడా ఇప్పుడు బహానా తగ్గింది. అఫినిటీ అనే మంచి డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను 2025 అక్టోబరు ఆఖరులో ఉచితం చేశారు. లినక్స్‌కు అది లేదు, విండోస్‌కు, మ్యాక్‌కు ఉంది.

ఆ ఉచితానికీ ఇంక్‌స్కేప్ ఉచితానికీ ఫరఖ్ ఉందన్న సంగతి మాత్రం మరవొద్దు. ఒకటి కంపెనీ దయ. రేపు మనసు మారితే షరతులు మారతాయి. ఇంక్‌స్కేప్, గింప్, లినక్స్ వీటి లైసెన్సులోనే ఇజాజత్ రాసిపెట్టి ఉంది. వాడుకో, చూసుకో, మార్చుకో, పక్కింటివాడికి కాపీ ఇవ్వు అని. ఇన్నేళ్లూ సీడీలు, పెన్‌డ్రైవ్‌లు చేతులు మార్చుకున్నదీ మనమే, కాకపోతే ఇజాజత్ లేకుండా. ఇప్పుడు అదే పని బేఫికర్‌గా చేయొచ్చు. తెలుగునాట ఈ ఫ్రీ సాఫ్ట్‌వేర్ కోసం పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. తెలుగులో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వాళ్లు తెచ్చారు. మన మక్తబ్‌లలో మూలన పడి ఉన్న పాత కంప్యూటర్లకు ఇలాంటిదేదో ఒకటి వేసి పిల్లల చేతికిస్తే, పదేళ్ల తర్వాత దుకాణం పెట్టే పిల్లవాడికి క్రాక్ అన్న మాటే తెలియకుండా పోవచ్చు.

ఈసారి కార్డు పూర్తిగా ఇంక్‌స్కేప్, స్క్రైబస్ మీదే అయింది. కమిటీ సదర్ సాబ్ చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఖత్ కొంచెం మారింది కదా?" అన్నారు. మారింది హజ్రత్ అన్నాను. ఎందుకు మారిందో చెప్పాలా వద్దా అని తటపటాయిస్తుంటే ఆయనే, సహర్ టైములు సరిగ్గా ఉన్నాయా లేదా మళ్లీ ఒకసారి చూడమని వెనక్కిచ్చారు. చూశాను. పదిహేడో రోజా దగ్గర ఒక నిమిషం తప్పుంది. అది మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌దీ కాదు, నాదే.